వెల్మా పిన్ని పిలిచిన మూడో మనిషి

చిన్లీలో నా లాండ్రీ దుకాణానికి ఆనుకొని ఒక ఇరుకు గది ఉంది. చాలాకాలం ఖాళీగా పడివున్న ఆ గదిని ఫీనిక్స్‌లోని ఒక ఆరోగ్య బీమా కంపెనీ అద్దెకు తీసుకుంది. ఒక బల్ల, రెండు కుర్చీలు, ఒక ఫోను పెట్టి వెల్మా ఎట్సిటీని కూర్చోబెట్టింది. ఇంగ్లీషు రాని సభ్యులు ఫోన్ చేస్తే మా ఆదివాసీ తెగ మాట్లాడే దినే భాషలో జవాబు చెప్పడం ఆవిడ పని. మా వైపు అలాంటివాళ్ళు ఎక్కువ కాబట్టి ఆ ఏర్పాటు చేసి తీరాలని చట్టం ఉంది.

ఆవిడది చేదునీటి వంశం. మా అమ్మదీ అదే, కాబట్టి నాదీ అదే. ఆ వరసలో ఆవిడ నాకు పిన్ని. అప్పటికి అరవై రెండేళ్ళు. పొట్టి మనిషి, పెద్ద గొంతు. ఎవరి ముందూ ఆ గొంతు తగ్గించడం నేను చూడలేదు.

కంపెనీలో చేరడానికి ముందు వెల్మా ఆసుపత్రిలో ఇరవై రెండేళ్ళు దుబాసీగా చేసింది. ఆ ఉద్యోగం తొలి రోజుల్లో జరిగిన ఒక సంగతి ఆవిడ నాకు రెండు మూడుసార్లు చెప్పింది. కొత్తగా వచ్చిన సర్జను ఒక ముసలాయనకు ఆపరేషన్ చేయాలి. "ఇందులో నువ్వు చచ్చిపోయే అవకాశం కూడా ఉందని చెప్పు" అన్నాడు వెల్మాతో. మాలో మనిషి ఎదురుగా కూర్చొని నీకు చావు రావచ్చని అనడమంటే దాన్ని పిలిచి అతని పక్కన కూర్చోబెట్టడమే. ఆ మాట అనేస్తే ముసలాయన లేచి వెళ్ళిపోతాడు. అనకపోతే డాక్టరు చెప్పమన్నది దాచినట్టవుతుంది. వెల్మా కాసేపు ఆలోచించి, "తాతా, ఎక్కడో ఒక మనిషికి ఇలాంటి కోత కోశారు. అందరూ లేస్తారు గానీ ఆ మనిషి లేవలేదు. అలాంటివి కొన్ని జరిగాయి, అది తెలిసి సంతకం పెట్టమంటున్నాడు ఈ డాక్టరు" అంది. ముసలాయన తల ఊపి, కలం ఇమ్మని చెయ్యి చాపాడు. మాట ఎటు నుంచి నడిపిస్తే మనిషి దగ్గరికి చేరుతుందో ఆ రోజే నేర్చుకున్నానని వెల్మా అనేది.

కంపెనీ గదిలో మొదటి వారం ఆవిడకు పెద్దగా పని తగల్లేదు. రోజుకు ఒకటి రెండు ఫోన్లు. మిగతా టైమంతా నా దుకాణంలోకొచ్చి, బట్టలు మడతపెట్టుకునేవాళ్ళతో కబుర్లు.

"ఇంతమందికి వీళ్ళ బీమా ఉంది, ఒక్కరికీ ఒక్క సందేహమూ లేదా?" అని విసుక్కునేది.

రెండో వారం శుక్రవారం నేను కాఫీ పట్టుకొని వెళ్ళేసరికి ఫోను మోగింది. కాఫీ కోసం చేతులు ఖాళీ పెట్టుకోవాలని ఆవిడ స్పీకరు నొక్కింది.

"ఎప్పుడొస్తారమ్మా మీవాళ్ళు?" అంది అవతలి గొంతు, కోపంగా.

వెల్మా ముందు తన పేరు చెప్పింది, తరవాత తల్లి వంశం, తండ్రి వంశం. మాలో మాట అలాగే మొదలవుతుంది. అవతలి ఆవిడ కొంచెం మెత్తబడింది. ఆమె పేరు ఎలూయిస్ డెషీనీ, ఊరు రఫ్ రాక్ అవతల, ఆమెదీ చేదునీటి వంశమే.

"అయితే నాకు అక్కవే. చెప్పక్కా, ఎవరు రావాలి?"

"చూడ్డానికొచ్చేవాళ్ళు! మీ ఫోన్లో చెప్పారు కదా, ఎవరో వచ్చి బయట నిలబడి ఇంకోసారి చూస్తారని. వాకిలి ఊడ్చి ఊడ్చి చేతులు పడిపోతున్నాయి. పాత టైర్లన్నీ తీయించాను. ఓసారి శుక్రవారమని ఎవరో అంటే గొర్రెను కూడా కోశాం. ఎవరూ రాలేదు, మేమే తిన్నాం."

వెల్మా నవ్వలేదు. నేను నవ్వబోతే చెయ్యెత్తి ఆపింది.

"ఎందుకు చూడాలక్కా? ఏం జరిగింది?"

ఎలూయిస్ భర్త హాస్కీ స్కూలు బస్సు డ్రైవరు. అంతకుముందటి ఏడాది బస్సు కింద పడుకొని ఏదో బిగిస్తుంటే జాకీ జారి ఎడమ కాలు నలిగింది. మోకాలి పైదాకా తీసేశారు. స్కూలువాళ్ళు మంచివాళ్ళు, అతన్ని ఆఫీసులో కూర్చోబెట్టి బస్సుల వేళలు చూసే పని ఇచ్చారు. బీమా ఆగలేదు. అతనికి తగిలించిన మామూలు కాలు రాళ్ళమీద, దిబ్బలమీద మోకాలి దగ్గర చటుక్కున మడిచేసుకుంటోందట. నేల ఎత్తుపల్లాలు కనిపెట్టి తనంతట తానే బిగుసుకునే కాలు కావాలని డాక్టరు రాశాడు. అవసరం లేదని కంపెనీ తోసిపుచ్చింది. డాక్టరు మళ్ళీ రాశాడు. మళ్ళీ అదే జవాబు, ఇదే ఆఖరి మాట అని.

"ఆ ఉత్తరం కింద మన భాషలో ఒక ముక్క, ఫోన్ నంబరు ఉంటే మా చెల్లెలి కూతురు చదివి చెప్పింది. ఫోన్ చేశాను. నాలుగు నొక్కమంటే నొక్కాను. మగపిల్లాడెవడో మాట్లాడాడు, టేపు. బయట నిలబడి మళ్ళీ చూస్తారన్నాడు. సరే రానీ అనుకొని పెట్టేశాను."

"ఆ ఉత్తరం నీ దగ్గరుందా? పైన తేదీ ఉంటుంది, అంకెలు చదువక్కా."

కాగితం చప్పుడైంది. "ఆరు. గీత. మూడు."

ఇక్కడ నెల ముందు రాస్తారు, అంటే జూన్ మూడు. ఆ రోజు సెప్టెంబరు ఇరవై రెండు. వెల్మా గోడమీది క్యాలెండరు వైపు తిరిగి వేలు పెట్టి లెక్కపెట్టింది. ఆ ఆఖరి మాట వచ్చాక సభ్యుడు నాలుగు నెలల్లోపు అడగాలి. అడిగితే కంపెనీతో సంబంధం లేని డాక్టరు ఒకరు కాగితాలన్నీ మొదటి నుంచి చదివి తీర్పు చెబుతారు. ఆ హక్కు గురించే ఆ టేపు. ఉత్తరం మీది తేదీ నుంచే లెక్కేసుకుంటే ఇంకా పదకొండు రోజులుంది.

"అక్కా, రేపు శనివారం. నేనొస్తున్నా. వాకిలి ఊడవకు."

ఫోను పెట్టేసి ఆవిడ తన సెల్‌ఫోను తీసి, కంపెనీ నంబరు కొట్టి, నాలుగు నొక్కింది. తాను జవాబు చెప్పే లైనుకు ముందు ఏం మోగుతోందో ఆవిడ అప్పటిదాకా వినలేదు. నేనూ విన్నాను. పట్నంలో పెరిగిన కుర్రాడి గొంతు. ఇంగ్లీషు మాటలు ఒక్కొక్కటీ తీసి పక్కపక్కన పేర్చినట్టుంది. 'ఎక్స్‌టర్నల్ రివ్యూ' అన్నదాన్ని "బయట ఉండి మళ్ళీ చూడటం" అన్నాడు. ఎవరు చూస్తారో, ఏం చూస్తారో, మనం అడగాలో, వాళ్ళే వస్తారో, ఎప్పటిలోగానో చెప్పలేదు. అది అయ్యాక ఆరు నిమిషాలు సంగీతం. ఆ తరవాతే వెల్మా బల్లమీది ఫోను మోగుతుంది.

"అందుకే నాకు పని లేదు. వీడు మాట్లాడాక ఎవడుంటాడు?" అంది.

*

శనివారం నన్నూ తీసుకెళ్ళింది. బండి నాది కాబట్టి. రఫ్ రాక్ దాటాక తారు రోడ్డు అయిపోయింది. వాన కోసిన గాడుల్లో దిగుతూ ఎక్కుతూ పన్నెండు మైళ్ళు. హాస్కీ ఇంటి ముందు నీడలో కుర్చీ వేసుకొని కూర్చున్నాడు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, ఇనుప పెట్టెలాంటి ఛాతీ. కృత్రిమ కాలు పక్కన గోడకు ఆనించి ఉంది.

"బయట నిలబడి చూసే మనిషి నువ్వేనా మరదలా?" అన్నాడు. "చూసుకో. ఇటు ఒకటి, అటు గోడమీద ఒకటి. మొత్తం రెండూ ఉన్నాయి."

"నిన్ను చూడ్డానికి ఎవరూ రారు బావా, నువ్వంత అందగాడివేం కాదు," అంది వెల్మా. "కాగితాలు చూస్తారు."

ఎలూయిస్ మటన్ పులుసు, రొట్టెలు పెట్టింది. తిన్నాక వెల్మా చెప్పడం మొదలుపెట్టింది. నాకు ఆ మాటలు ఇప్పటికీ గుర్తే.

"నీకూ కంపెనీకీ తగువు వచ్చింది. నువ్వు కావాలంటున్నావు, వాళ్ళు అక్కర్లేదంటున్నారు. ఎన్నిసార్లు అడిగినా వాళ్ళింట్లో వాళ్ళే జవాబు చెబుతున్నారు. ఇప్పుడు మూడో మనిషిని పిలవొచ్చు. ఆ మనిషి డాక్టరు. నీ వంశం కాదు, వాళ్ళ వంశం కాదు. నీ చేతి కూడు తినలేదు, వాళ్ళ చేతి కూడు తినలేదు. కూర్చొని రెండు వైపుల కాగితాలూ చదువుతాడు. ఆయన ఇవ్వాలని అంటే కంపెనీ ఇచ్చి తీరాలి. కానీ ఆయన తనంతట తాను రాడు. నువ్వు సంతకం పెట్టి పిలవాలి. పదిరోజులుంది."

హాస్కీ తల అడ్డంగా ఊపాడు. "రెండుసార్లు కాదన్నారు. మూడోసారి వెళ్ళి దేబిరించమంటావా?"

"దేబిరించడం కాదు బావా. సాయం అడిగితే దేబిరించడం. మనం తీర్పు అడుగుతున్నాం."

"తీర్పిచ్చేవాడు మేముండే చోటు చూడకుండా ఏం ఇస్తాడు?" అంది ఎలూయిస్. "పట్నంలో నున్నటి గచ్చుమీద కూర్చొని, మామూలు కాలు చాల్లే అంటాడు. అందుకే కదా వస్తే బావుండుననుకున్నాను!"

"ఆ మాట బావుంది. ఆయన రాడు కాబట్టి నీ వాకిలే ఆయన బల్లమీదికి పంపుదాం. కొత్త కాగితాలు చేర్చే హక్కు కూడా ఉంది."

ఎలూయిస్ దాచిన కట్ట తెచ్చి ఇస్తే వెల్మా అందులోంచి డాక్టరు కాగితాలు తీసింది. కంపెనీ ఉత్తరం కూడా తీసి పక్కన పెట్టుకొని చదివింది. కంపెనీ రాసింది ఏమిటంటే, ఈ సభ్యుడు మామూలు కాలితో పడిపోయినట్టు ఎక్కడా నమోదు కాలేదు, కాబట్టి ఖరీదైనది అవసరమని రుజువు కాలేదు.

"పడ్డావా బావా?"

"లేదు."

ఎలూయిస్ పళ్ళెం చప్పుడయ్యేలా పెట్టింది. హాస్కీ దిబ్బల వైపు చూస్తున్నాడు.

వెల్మా మళ్ళీ అడగలేదు. లేచి వాకిట్లోకి నడిచింది. "ఇక్కడ గొర్రెల దొడ్డి ఎక్కడ?"

"అదిగో, వాగు అవతల."

"ఒక మనిషి ఉన్నాడనుకో," అంది అటే చూస్తూ. "నువ్వు కాదు, ఎక్కడో ఎవరో. ఇలాంటి కాలు పెట్టుకున్నాడు. ఈ ఇంటి నుంచి ఆ దొడ్డిదాకా రోజూ వెళ్ళాలి. ఆ మనిషికి ఎక్కడ ఇబ్బంది?"

హాస్కీ తిరిగి చూశాడు. కాలు తీసి తగిలించుకున్నాడు, కర్ర పట్టుకొని లేచాడు. మేము వెనక నడిచాం.

"ఆ మనిషి ఇక్కడిదాకా బానే వస్తాడు," అన్నాడు వాగు గట్టుమీద ఆగి. "దిగేటప్పుడు ఇసుక జారుతుంది. మోకాలు మడుచుకుంటుంది. ఆ మనిషి ఇక్కడ రెండుసార్లు పడ్డాడు. ఒకసారి లేవలేక భార్య వచ్చేదాకా అక్కడే ఉన్నాడు." ఇంకొంచెం నడిచి, "ఇక్కడ బకెట్టుతో పడ్డాడు. మణికట్టు వాచింది, తలుపు తగిలిందని డాక్టరుకు చెప్పాడు. స్కూల్లో బస్సు మెట్లు ఎక్కి చూద్దామని ఒకనాడు ఎవరూ లేనప్పుడు ఎక్కాడు. రెండో మెట్టు మీంచి..."

"మొత్తం నాలుగు?" అని రాసుకుంటూ అడిగింది వెల్మా.

"ఏడు," అంది ఎలూయిస్ వెనక నుంచి. "ఆ మనిషి మర్చిపోయాడేమో, ఆ మనిషి పెళ్ళానికి గుర్తుంది."

హాస్కీ మొదటిసారి నవ్వాడు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు.

ఆ మధ్యాహ్నం మేము వాగు గట్టుకు, దొడ్డి దారికి, గుమ్మం ముందు రాళ్ళకు ఫొటోలు తీశాం. గుమ్మం నుంచి దొడ్డికి నాలుగు వందల పది అడుగులు. నేను కొలత టేపు పట్టుకున్నాను. వెల్మా ఏడు పడటాలూ, చోటు, నెల వేసి ఇంగ్లీషులో రాసి, మళ్ళీ మా భాషలో హాస్కీకి చదివి వినిపించింది. అతను విని, ఒకచోట సవరించి, సంతకం పెట్టాడు. మంగళవారం ఆసుపత్రికి వెళ్ళి తాను ఏడుసార్లు పడ్డానని డాక్టరుకు తన నోటితో చెప్పాడు. "మనిషీ, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు!" అని డాక్టరు తల పట్టుకొని, మూడు పేజీలు రాసిచ్చాడట. బుధవారం అన్నీ కలిపి నా దుకాణంలోని ఫ్యాక్స్ మిషన్లో పంపాం, రసీదు తీసుకొని పోస్టులో కూడా వేశాం. గడువుకు ఆరు రోజుల ముందు.

*

ఈలోగా సోమవారం ఇంకో పని జరిగింది. వెల్మా ఫీనిక్స్‌లో తన పైఅధికారి డెనీస్ కొవాచ్‌ను కంప్యూటర్లో పిలిచింది. నా దుకాణంలో బట్టలు ఆరేదాకా కూర్చున్న ముగ్గురు పెద్దవాళ్ళను, ఇద్దరు అవ్వలూ ఒక తాతా, తీసుకొచ్చి తెర ముందు కూర్చోబెట్టింది. నన్ను తలుపు దగ్గర నిలబెట్టింది, సాక్ష్యానికి.

"డెనీస్, మన టేపు వీళ్ళకు వినిపిస్తాను. వీళ్ళకేం అర్థమైందో నేను నీకు ఇంగ్లీషులో చెబుతాను."

టేపు అయింది. మొదటి అవ్వ మొహం చిట్లించి, "ఎవడో ఇంటి చుట్టూ తిరుగుతాడట. పోలీసులకు చెప్పండి" అంది. రెండో అవ్వకు కంటి పరీక్ష అనిపించింది. తాత మాత్రం, "ఇది మనవాడే గానీ ఆకలిమీద ఉన్నాడు, మాటలు మింగేస్తున్నాడు" అన్నాడు.

వెల్మా ఉన్నదున్నట్టు చెప్పింది. తెరమీద డెనీస్ రెండు చేతులతో మొహం కప్పుకుంది.

"ఎన్నాళ్ళ నుంచి ఇది మోగుతోంది?"

"నువ్వే చెప్పాలి. నేనొచ్చి రెండు వారాలే."

డెనీస్ మంచి మనిషే, కానీ జాగ్రత్త మనిషి. లాయర్లు ఒప్పుకున్న మాటలు తప్ప వేరే వాడకూడదంది. ఇంకో మాట కూడా అంది. "శనివారం నువ్వొక సభ్యుడి ఇంటికెళ్ళావని నువ్వే అంటున్నావు. నువ్వు కంపెనీ మనిషివి వెల్మా. మనమీద అర్జీ పెట్టడానికి మనమే సాయం చేస్తామా?"

"వారానికి ఐదు రోజులు కంపెనీ మనిషిని. శనివారం ఆవిడ చెల్లెల్ని. కావాలంటే ఆ ఐదు రోజులూ తీసేసుకో, శనివారం మాత్రం నీది కాదు," అంది వెల్మా, అదే పెద్ద గొంతుతో. "ఇంకోటి విను. ఆ హక్కు ఉందని చెప్పడం నా ఉద్యోగం. చెప్పడమంటే అవతలివాడికి తెలియడం. తెలియకపోతే నేను చెప్పినట్టా, ఫోన్లో ఊదినట్టా?"

డెనీస్ నవ్వేసింది. "రాసివ్వు. లాయర్లతో నేను పోట్లాడతాను."

మూడు వారాలు పట్టింది. లాయర్లతో ఒక్క మాట దగ్గర కుదరలేదు. సంగతి ప్రాణంమీదికి వచ్చేలా ఉంటే మూడు రోజుల్లోనే తీర్పు అడగవచ్చని కూడా చట్టంలో ఉంది. 'మీ ప్రాణానికి ముప్పు' అని చెప్పి తీరాలన్నారు వాళ్ళు. అలా అంటే మావాళ్ళు వినకముందే ఫోను పెట్టేస్తారని వెల్మా. చివరికి 'ఎక్కడైనా ఒక మనిషి ఉండి, ఆగితే ఆ మనిషికి మంచిది కాదని డాక్టరు అనుకుంటే' అన్న వాక్యం ఒప్పించింది. వెల్మా తన గొంతుతోనే టేపు చదివింది. సంగీతం తీయించేసింది.

అంతటితో ఊరుకోలేదు. అంతకుముందు నాలుగు నెలల్లో నాలుగు నొక్కి పెట్టేసిన నంబర్లన్నీ ఇమ్మంది. నలభై ఒకటి. ఒక్కొక్కరికీ తానే ఫోన్ చేసింది. కొందరిది చిన్న సంగతే. పందొమ్మిదిమందికి కాదన్న ఉత్తరం చేతిలో ఉంది, ఇంకా గడువూ ఉంది. ఐదుగురికి గడువు దాటిపోయింది. ఆ ఐదుగురికీ ఫోన్ చేసిన రోజు వెల్మా నా దుకాణంలోకి రాలేదు.

*

హాస్కీ తీర్పు ముప్పై నాలుగో రోజున వచ్చింది. ఎలూయిస్ ఉత్తరం విప్పకుండా ముప్పై ఐదు మైళ్ళు వచ్చి వెల్మా బల్లమీద పెట్టింది.

"ముందు నువ్వు చదువు. బాగుంటేనే చెప్పు."

"బాగోకపోయినా చెబుతానక్కా," అని వెల్మా చింపింది. మౌనంగా చదివింది. మేమిద్దరం ఆవిడ మొహమే చూస్తున్నాం.

"ఈ మూడో మనిషి ఎవరో గానీ చదివాడు," అంది. "వాగు గట్టు ఫొటో గురించి రాశాడు. నాలుగు వందల పది అడుగులూ రాశాడు. ఏడు పడటాలు. 'ఈ మనిషి నివసించే నేలమీద మామూలు కాలు సురక్షితం కాదు.' కంపెనీ ఇచ్చి తీరాలి అక్కా. బావకు కాలొచ్చింది."

ఎలూయిస్ కుర్చీలో కూర్చొని ఒడిలోని సంచి గట్టిగా పట్టుకుంది. ఏడుస్తుందనుకున్నాను. "ఆ గొర్రె ఊరికే పోయిందే అప్పుడు," అంది.

కొత్త కాలు ఫిబ్రవరిలో అమర్చారు. దానితో నడవడం నేర్చుకోవడానికి వేసవి దాకా పట్టింది. హాస్కీ తొందరమనిషి, రెండుసార్లు నేర్పేవాళ్ళతో పోట్లాడాడు. ఆగస్టులో డ్రైవింగు పరీక్ష మళ్ళీ పెట్టి పాసు చేశారు. ఇప్పుడు రఫ్ రాక్ బస్సు అతనిదే.

అందరికీ ఇలా కాలేదు. ఆ పందొమ్మిదిమందిలో పన్నెండుమంది మూడో మనిషిని పిలిచారు, ఏడుగురు గెలిచారు. నజ్లీనీ నుంచి ఒకావిడ చెల్లెలి వెన్నునొప్పి మందు కోసం పిలిచి ఓడిపోయింది. వచ్చి వెల్మాను తిట్టింది కూడా. వెల్మా అంతా విని, ఎందుకు కాదన్నారో ప్రతి వాక్యం ఆమెకు విప్పి చెప్పి, వేరే ఏ మందుకు ఒప్పుకునేలా ఉన్నారో డాక్టరును అడగమని పంపింది.

కిందటేడు డెనీస్ ఇంకో ఇద్దరిని ఇచ్చింది. గదిలో మూడు ఫోన్లు. వెల్మా నెలకోసారి ఊరి సమావేశాలకు వెళ్ళి మాట్లాడుతుంది. మెనీ ఫార్మ్స్‌లో జరిగినదానికి నేనూ వెళ్ళాను. నలభైమంది ఉన్నారు, వెనక కాఫీ కాగుతోంది. ఒక పెద్దాయన టోపీ తీసి లేచాడు.

"ఆ మూడో మనిషికి కూలి ఎవరిస్తారు?"

"కంపెనీయే ఇస్తుంది చిన్నాన్నా."

"మరి వాళ్ళవైపే మాట్లాడడా?"

"ఆయన్ని వాళ్ళు ఏరుకోలేరు. వంతులవారీగా వస్తారు. ఎవరొస్తారో వాళ్ళకూ తెలీదు, మనకూ తెలీదు."

"ఓడిపోతే?"

"ఓడిపోతావు. కానీ నువ్వు అడగకపోతే అడగకుండానే ఓడిపోయినట్టు. దానికంటే ఇది నయం కదా?"

పెద్దాయన లోపలి జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన ఉత్తరం తీశాడు. కుర్చీల మధ్య నుంచి మెల్లగా ముందుకు నడిచొచ్చి ఆవిడకు అందించాడు.

"తేదీ చూడు తల్లీ," అన్నాడు. "నాకు ఇంకా ఎన్ని రోజులున్నాయి?"

వెల్మా కళ్ళజోడు పెట్టుకుంది. "డెబ్భై మూడు," అంది. "కూర్చో చిన్నాన్నా, ఇప్పుడే మొదలుపెడదాం."